మెట్టవాడలో అందరూ చాలన్నారు

పెద్ద చలి, 1వ రోజు

పొద్దున తలుపు తెరుచుకోలేదు. బయట మంచు మోకాలెత్తు పేరుకుంది. కిటికీలోంచి దిగి, పారతో తలుపు ముందు తీసి, లోపలికి వచ్చి మోకరించాను. కొన్నేళ్ళకోసారి వచ్చే ఈ మూడు వందల రోజుల చలిని ఒక్కసారే ప్రభువు ముందు పెట్టడం ఎందుకనిపించింది. ఇవాళ్టి మట్టుకు అడిగాను.

ఈ పుస్తకం నా ఆఖరి చెల్లెలు కెజియా ఇచ్చింది. "పలకకి తెలియనివి నువ్వు రాయక్కా, తర్వాత మాకు పనికొస్తాయి," అంది. నాకు రాత అలవాటు లేదు. ఇరవయ్యారేళ్ళు, ఒకప్పుడు ఈ లోయల్ని ఏలిన సంఘం వాళ్ళ భోజనశాలలో వడ్డించాను. అక్కడ మాట్లాడుతూ నిలబడితే వెనక పంక్తికి అన్నం చల్లారిపోయేది.

కెజియాకు ముప్పై ఒకటి, నాకు యాభై నాలుగు. అమ్మ పోయాక దాన్ని నేనే పెంచాను. సంఘం రద్దయి తొమ్మిదేళ్ళయింది. పోయిన పెద్ద చలికి వేడినీళ్ళ బావి దగ్గర పనిచేసేవాళ్ళే లేక, జనం తలుపులు పీకి కాల్చుకున్నారు. అది చూసి ఇది, దీని స్నేహితులు పదిమంది కలిసి పురసభ దగ్గర బావిని నడిపే పని అడిగి తీసుకున్నారు. సంస్థకు వెచ్చన అని పేరు పెట్టారు. లాభం ఎవరూ పంచుకోకూడదని వాళ్ళకు వాళ్ళే రాసుకున్నారు.

ఇంటింటికీ ఒక పలక ఇచ్చారు. పొద్దున్నే అది వెలిగి ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఇంట్లో వేడి చాలా? కింద రెండు గళ్ళు, చాలు అని ఒకటి, చాలదు అని ఒకటి. మనం నొక్కినదాన్ని బట్టి బావి దగ్గర వాల్వులు వాటంతట అవే తిరుగుతాయి.

నేను చాలు నొక్కాను.

6వ రోజు

ఇడ్లీ పిండి పులియడం లేదు. గిన్నెకు గుడ్డ చుట్టి భోజనశాలకు పట్టుకెళ్ళాను. ఒకప్పుడు అన్నం గుండిగలు దించిన గట్టు మీద ఇప్పుడు కెజియా వాళ్ళ కంప్యూటర్లున్నాయి. వాటి వెనకనుంచి వెచ్చటి గాలి వస్తుంది. గిన్నె అక్కడ పెట్టాను.

"పెద్దక్కా, అవి రెండు వాడల బతుకు నడిపే యంత్రాలు," అన్నాడు నాగూర్. కెజియాతో కలిసి చదివినవాడు. వెచ్చన లెక్కకట్టే పనంతా అతనిదే.

"పిండిది కూడా బతుకే నాయనా."

"పొంగి వైర్ల మీద పడితే?"

"పొంగేలోపు వస్తాను."

గోడ మీద పెద్ద తెర ఉంది. కొండవైపు మెట్టవాడ, మాది, నూటపన్నెండు ఇళ్ళు. ఏటివైపు పల్లపువాడ, నూటనలభై. సంఘం పోయాక కాపురాలు పెట్టిన పిల్లలందరూ అక్కడే ఉంటారు, కెజియాతో సహా. తెర మీద పల్లపువాడ సగానికి సగం ఎర్రచుక్కలు. మెట్టవాడలో బదులిచ్చిన ఇళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి.

"చూడక్కా, ఆరు రోజుల్లో ఒక్క చాలదు లేదు," అంది కెజియా. "మా వాళ్ళది పొద్దున లేస్తే గోల. మీ వాళ్ళు బంగారం."

శుక్రవారం కాబట్టి పొరుగు లోయల పిల్లలు కూడా తెర మీదికి వచ్చారు. అన్నీ సంఘం ఏలిన చోట్లే. నడిమి లోయ అమ్మాయిలు ఇళ్ళలో మిగిలిన మందులు అవసరమున్న ఇళ్ళకు చేరుస్తారు. గాలికొండ పిల్లలు టీచరు లేని బడులకు పాఠాలు పంపుతారు. ఒకళ్ళ తప్పులు ఒకళ్ళకు చెప్పుకుని నవ్వుకుంటారు. మా వయసులో మేము తప్పును ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పేవాళ్ళం కాదు. వాళ్ళ పేర్లు కాగితం మీద రాసుకుని తెచ్చుకున్నాను, ప్రార్థనలో మరిచిపోకుండా.

11వ రోజు

ప్రార్థన చేసుకునే చోట పెట్టుకున్న మంచినీళ్ళ మీద మంచు బిళ్ళ కట్టింది. వేలితో పగలగొట్టి తాగాను. పలక వెలిగింది. చాలు నొక్కాను.

పిచ్చమ్మ వచ్చింది. భోజనశాలలో నాకు ఎదురు పంక్తి వడ్డించిన మనిషి, మూడిళ్ళ అవతల ఉంటుంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. చేతులకు మేజోళ్ళున్నాయి.

"ఎట్టా ఉందే మీ ఇంట్లో?" అంది.

"బాగానే ఉంది. మీ ఇంట్లో?"

"మాకేం, ఉక్కపోత."

"మరి చేతులకి ఆ మేజోళ్ళేంటి?"

"ఉతికాను. ఆరతాయని తొడుక్కున్నా."

టీ చల్లారేదాకా ఆ గ్లాసు వదల్లేదు. 

మా ఈడువాళ్ళకు ఆ రెండో మాట నోట రాదు. సంఘం రోజుల్లో చాలదని రాసి ఇస్తే మర్నాడు విచారణవాళ్ళు వచ్చేవారు. మనుషుల్ని లెక్కపెట్టి, ట్రంకుపెట్టె తెరిపించి, పరుపు కింద చూసి, ఏదో ఒకటి ఎక్కువుందని పట్టుకుపోయేవారు. ఆపైన భోజనశాలలో అందరి ముందూ పేరు చదివేవారు. ప్రతి ఇంటి గోడకూ ఒక మీటరు ఉండేది. ఇంట్లో ఎంత వేడి ఉందో, ఎంతమంది ఊపిరి పీలుస్తున్నారో అది చెప్పేది. దాన్ని కన్ను అనేవాళ్ళం. సంఘం రద్దయిన నాడు అందరూ గునపాలతో కన్నులు పీకి భోజనశాల ముందు కుప్ప పోశారు. ఆ చిల్లుల్లో ఇప్పటికీ పాతగుడ్డలు కుక్కి ఉన్నాయి. పోయిన ఏడు కెజియా ఇంటికో థర్మామీటరు పంచితే మెట్టవాడలో అందరూ చెత్తడబ్బాలో వేశారు. అందుకే కెజియా కొలిచే వస్తువుల్ని వదిలేసి మనుషుల మాట మీద ఆధారపడింది.

15వ రోజు

మెట్టవాడ గొట్టం బావి దగ్గర మొదలై, కొండ ఎక్కి, ఇంటింటికీ వేడినీళ్ళు అందించుకుంటూ పానకాలు బాబాయి ఇంటి దగ్గర ఆగుతుంది. బాబాయికి డెబ్భై ఎనిమిది. ఆ గొట్టం వేసింది ఆయనే. ఒంటరిగా ఉంటాడు. గోంగూర పచ్చడి ఇవ్వడానికి వెళ్ళాను. ఇక్కడ అద్దాల కింద పెంచే గోంగూరకు పులుపు తక్కువ, ఆయనకు అదే ఇష్టం.

ఆయన వరండాలో వంగి, గొట్టాన్ని చెంచాతో కొట్టి చెవి ఆనిస్తున్నాడు.

"ఏం చెబుతుంది బాబాయ్?"

"సగమే పారతంది. కింద ఎవరో పిసికేస్తన్నారు."

"చివర గడ్డకడితే?"

"జాయింటు దగ్గర పగులుద్ది. తర్వాత దాని ముందు జాయింటు. అట్టా ఒక్కో ఇల్లే దిగుతా పోద్ది. ఈ నేల తవ్వాలంటే చలి పోవాల." చెంచా తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "గడ్డకట్టడానికి పదిరోజులు పట్టుద్దేమో. నీ చెల్లెలికి చెప్పు."

చెప్పాను. కెజియా తెర అంతా వెతికింది.

"తేడా ఏం లేదక్కా. అందరూ చాలంటున్నారు. చాలన్న ఇంటికి తగ్గించి, చాలదన్న ఇంటికి పంపుతుంది. మేం రాసిందే అట్లా."

"గొట్టం వేసిన మనిషి చెబుతున్నాడు."

"ఒక మనిషి మాట విని నూటపన్నెండు ఇళ్ళ మాట అబద్ధమనమంటావా? అది సంఘం చేసేది." గొంతు తగ్గించింది. "ఆ గొట్టం పోతే మెట్టవాడ మొత్తం ఖాళీ చేయించి ఏటవతల షెడ్లలో పెడతారు. పురసభ రాసిచ్చిన కాగితంలో ఆ మాట ఉంది. నాకు భయం లేదనుకోకు. కానీ మాట నమ్ముతామని చెప్పి ఈ పని తీసుకున్నాం."

దానికి పట్టుదల ఎక్కువ. దాన్ని పెంచింది నేనే కాబట్టి ఫిర్యాదు చేసుకోవడానికి ఎవరూ లేరు.

17వ రోజు

కెజియా మధ్యాహ్నం అన్నానికి వచ్చింది. చలి మొదలయ్యాక మా ఇంటికి రావడం ఇదే మొదటిసారి. బూట్లు విప్పి గచ్చు మీద కాలు పెట్టి, వెంటనే మళ్ళీ తొడుక్కుంది.

"ఏంటక్కా ఇది?"

"ఏది?"

బిందెలో చెయ్యి పెట్టింది. గోడ తడిమింది. తర్వాత నా పలక తీసి పాత జవాబులు చూసింది. పదిహేడు రోజులు, పదిహేడు చాలులు. కూర్చుంది. నేను అన్నం పెట్టాను. ముట్టుకోలేదు.

"నువ్వు కూడానా అక్కా."

"నీ మీద వీలైనంత తక్కువ బరువు పడాలనుకున్నాను."

"నువ్వు నాకు అబద్ధం చెప్పావు."

"చెప్పాననుకోలేదు. పొద్దున్నే వేలు అటే పోయింది. ఇవాళ నువ్వు చదివేదాకా అది అబద్ధమని నాకు తట్టలేదు."

అది నిజం. ప్రతి ఉదయం ప్రార్థన ముగించి లేచి ఆ గడి నొక్కాను. ప్రభువుకు చెప్పిన చలిని చెల్లెలికి చెప్పలేదు.

"అయితే మెట్టవాడ అంతా ఇట్లాగే ఉందా?"

"అన్నం తిను," అన్నాను. "అంతా ఇట్లాగే ఉంది."

18వ రోజు

పొద్దున పలకలో కొత్త మాట వచ్చింది. నిజం చెప్పండి, మీకు ఏ ఇబ్బందీ రాదు. కెజియా తెల్లవారుజామునే లేచి రాసిందట.

పదింటికి భోజనశాలకు వెళ్తే నాగూర్ తల పట్టుకుని ఉన్నాడు.

"పెద్దక్కా, మెట్టవాడలో రోజూ నూటొక్క ఇళ్ళే బదులిచ్చేవి. ఇవాళ నూటపన్నెండుకి నూటపన్నెండు. అందరూ చాలే. అదీ ఆరున్నరలోపే."

"విచారణవాళ్ళు లోపలికి రాగానే అనే మొదటి మాట అదే నాయనా. నిజం చెప్పండి, మీకు ఏ ఇబ్బందీ రాదు."

కెజియా తెర వైపు తిరిగింది. తర్వాత దానికే నవ్వొచ్చింది. "అక్షరం కూడా మారలేదా?"

"లేదు."

19వ రోజు

బాబాయి మళ్ళీ గొట్టం విన్నాడు. ఇక ఐదు రోజులే అన్నాడు.

ఇవాళ నా వేలు చాలదు మీద పెట్టి నొక్కాను. అర నిమిషం పట్టింది. రెండు గంటల్లో గచ్చు వెచ్చబడింది. నూటపన్నెండు ఇళ్ళలో ఒక్కటి.

కెజియా, నాగూర్ వాదించుకుంటున్నారు.

"వాల్వులు నేనే తిప్పేస్తాను," అంది కెజియా.

"ఏ ఇంటికి ఎంత? నీ ఇష్టం వచ్చినంతా? పల్లపువాడవాళ్ళకి తెర కనిపిస్తుంది. మా దగ్గర తీసి అడగనివాళ్ళకి ఎందుకిచ్చారంటే ఏం చెబుతావు? మాకు తెలుసు అంటావా? ఆ మాటన్నవాళ్ళ కన్నులే పీకి కుప్ప పోశారు."

అతను చెప్పింది సరైనదే, అది చెప్పింది కూడా సరైనదే. నేను పిండిగిన్నె తీసుకుని ఆగాను.

"కెజియా, పంక్తిలో కూర్చున్నవాణ్ణి ఇంకొంచెం కావాలా అంటే ఏమంటాడు?"

"చాలంటాడు. కంచం మీద చెయ్యి అడ్డం పెడతాడు."

"మరి ఇరవయ్యారేళ్ళు నేనెట్లా వడ్డించాను?"

"అడక్కుండా వేసేదానివి."

"కంచం చూసి వేసేదాన్ని. ఆకలి సంగతి మనిషినడిగితే సిగ్గుపడతాడు. చారు ఎట్లా ఉంది, ముక్క ఉడికిందా అని అడిగితే నిజమే చెబుతాడు."

"ఇంట్లోకి తొంగి చూడను అక్కా. ఆ ఒక్కటీ చెయ్యను."

"నువ్వు చూడొద్దు. వాళ్ళనే చూసుకోనీ. వేడి గురించి అడగడం మానెయ్యి. జావ గురించి అడుగు."

ఇద్దరూ నా మొహం చూశారు. చెప్పాను. పొయ్యి మీంచి దించిన రాగిజావ వెచ్చటి గదిలో పొర కట్టడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. చలిగదిలో నాలుగు. భోజనశాల ఎంత చల్లగా ఉందో మేము అట్లాగే చెప్పుకునేవాళ్ళం. పొర త్వరగా కడితే వెనక పంక్తి నుంచి వడ్డించడం మొదలుపెట్టేవాళ్ళం.

"జావ పొరని లెక్కలోకి తేవాలా," అన్నాడు నాగూర్. కానీ అప్పటికే కాగితం తీశాడు.

సాయంత్రం దాకా ఒక గిన్నె కంప్యూటర్ల వెనక, ఒకటి గది మధ్యలో, ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి బయట పెట్టి కొలిచాడు. కొలిచినవన్నీ తాగాడు. రాత్రికి అన్నం వద్దన్నాడు.

20వ రోజు

పాత వడ్డనవాళ్ళం ఐదుగురం భోజనశాల పొయ్యి వెలిగించాం. అందరికీ ఒకే కొలత గిన్నెలు, పాతవే. ఒకే పాకం. మూతపెట్టి, గుడ్డ చుట్టి, తలా ఇరవై రెండో ఇరవై మూడో ఇళ్ళకు బయల్దేరాలి.

పిచ్చమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది. "ఇదీ కన్నేగా దయామణీ? పళ్ళెంలో పెట్టి ఇస్తన్నాం, అంతే తేడా."

"కన్ను చూసింది సంఘానికి చెప్పేది, మనకు చెప్పేది కాదు. ఇక్కడ చూసేదీ వాళ్ళే, నొక్కేదీ వాళ్ళే. మనం గిన్నె ఇచ్చి వచ్చేస్తాం."

"అబద్ధం నొక్కితే?"

"నొక్కనీ. కానీ నువ్వు చెప్పు పిచ్చమ్మా, జావ గురించి ఎవరైనా అబద్ధమాడతారా?"

"ఉప్పు తక్కువైతే మా ఆయన అసలు దాచడు," అని గంప ఎత్తుకుంది.

పలకలో పాత ప్రశ్న పోయింది. మూత తీశాక జావ ఎన్ని నిమిషాలకు పొర కట్టింది? ఇంతే.

22వ రోజు

మూడు పూటల జవాబులు వచ్చాయి. మెట్టవాడ నాలుగు, ఐదు, నాలుగు, ఆరు. ఒక పెద్దాయన నాలుగున్నర అని రాసి, పక్కన జావలో జీలకర్ర వెయ్యాలి అని కూడా రాశాడు. పచ్చచుక్కలు ఒక్కొక్కటే ఎర్రబడుతుంటే, నాగూర్ అదేదో పండగలా చప్పట్లు కొట్టాడు.

పల్లపువాడకు కూడా జావ పంపాం. పదకొండు, పన్నెండు. కెజియా ఇంట్లో పదమూడు.

"రోజూ చాలదు నొక్కిందెవరు కెజియా గారూ?" అన్నాడు నాగూర్.

"పొద్దున్నే దుప్పట్లోంచి లేస్తే ఎవరికైనా చలేస్తుంది."

"పదమూడు నిమిషాల చలి."

"నోరు మూసుకుని వాల్వులు చూడు."

పల్లపువాడవాళ్ళు కొంచెం సణిగారు. మెట్టవాడకు చిన్న గిన్నెలు ఇచ్చారేమో అని ఒకబ్బాయి రాశాడు. కెజియా గిన్నెల ఫొటో పెట్టింది. అన్నీ సంఘం ముద్ర ఉన్న గిన్నెలే. ఆ అబ్బాయే మధ్యాహ్నం తన వాటా రెండు గీతలు తగ్గించుకున్నాడు. అతన్ని చూసి చాలామంది తగ్గించుకున్నారు. ఆ పిల్లలకు అడగడం వచ్చు, వదులుకోవడం కూడా వచ్చు. ఎవరూ బలవంతంగా తీసుకోరని తెలిసినవాళ్ళకే అది వస్తుందేమో.

నడిమి లోయ అమ్మాయిలకు కెజియా ఈ సంగతంతా చెప్పింది. వాళ్ళ పలకలో మందు కావాలా అన్న ప్రశ్నకు ముసలివాళ్ళు ఎప్పుడూ వద్దనే అంటారట. ఇవాళ్టినుంచి సీసాలో ఎన్ని వేళ్ళ మందు మిగిలింది అని అడుగుతున్నారట.

సాయంత్రానికి మెట్టవాడలో నూటపదకొండు ఇళ్ళు ఎర్రగా తేలాయి. చివరిల్లు మాత్రం పచ్చగానే ఉంది. మూడు పూటలా పన్నెండు నిమిషాలు.

"బాబాయి గుమ్మంలోనే గిన్నె పుచ్చుకుని తలుపేసుకుంటాడు," అంది పిచ్చమ్మ. "లోపల పొయ్యి కూడా లేదు. పన్నెండెక్కడిది?"

చివరిల్లు తీసుకోకపోతే చివరి గొట్టంలో నీళ్ళు కదలవు. అక్కడ గడ్డకడితే పగులు వెనక్కి పాకుతుంది. ఒకరోజు మిగిలింది.

"ఆ ఒక్క వాల్వు నేను తిప్పేస్తానక్కా," అంది కెజియా. "ఒక్కటే కదా."

"రేపు మధ్యాహ్నం దాకా ఆగు. నేను వెళ్తాను."

"ఆయన వినకపోతే?"

"అప్పుడు తిప్పు. కానీ ఆయన మాట లేకుండా తిప్పావని ఆయనకే చెప్పి తిప్పు."

తల ఊపింది.

23వ రోజు

జావ నేనే పట్టుకెళ్ళాను. పానకాలు బాబాయి తలుపు సగం తెరిచి చెయ్యి చాపాడు.

"గిన్నె తిరిగి కావాలి బాబాయ్. తాగేదాకా కూర్చుంటాను."

లోపలికి రానివ్వక తప్పలేదు. ఎప్పటిలా ఇంట్లో కూడా పెద్ద కోటులోనే ఉన్నాడు. గదిలో మా ఊపిరి పొగలా కనబడింది. నేను మూత తీశాను. ఆయన వెంటనే గిన్నె ఎత్తబోయాడు.

"కాసేపు కింద పెట్టు."

"చల్లారుద్ది అమ్మాయ్."

"చల్లారనీ."

పెట్టాడు. చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"గొట్టం నువ్వు వేసిందే. చివరిల్లు తీసుకోకపోతే ఏమవుతుందో నాకు చెప్పింది నువ్వే."

"తెలుసు."

"తెలిసి పన్నెండు నొక్కావు."

"చెయ్యి అటు పోదే," అన్నాడు. "జావని చెప్పినా, ఇంకోటని చెప్పినా నాకు తెలుసుగా అదేం అడగతందో. నేనే గొట్టాలోణ్ణి."

ఆయన ఒకసారి చాలదని రాశాడు. ముప్పై ఏళ్ళ కిందట. భార్య నాగరత్నానికి దగ్గు తగ్గక రాశాడు. విచారణవాళ్ళు వచ్చి, ఆయన విరిగిన గొట్టాలతో చేసుకున్న చిన్న పొయ్యి పట్టుకుపోయారు. మర్నాడు భోజనశాలలో పేరు చదివారు. పేరు చదివినవాళ్ళకు నెలరోజులు మారు వడ్డించకూడదు. ఆ పంక్తి నాది. పప్పు గిన్నెతో ఆయన ముందుకు వచ్చాను. కంచం ఖాళీగా ఉంది. ఆయన తల ఎత్తలేదు. నేను దాటి వెళ్ళాను. ముప్పై రోజులు దాటి వెళ్ళాను. చలి పోకముందే నాగరత్నం పోయింది.

ఇది నేను ప్రభువుకు చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పవలసిన మనిషి మా వీధి చివరే ఉన్నాడు.

"బాబాయ్, ఆ నెల నీకు మారు వెయ్యలేదు నేను."

ఆయన గోడ వైపే చూస్తున్నాడు.

"గుర్తుంది."

"నీ కంచం చూశాను. చూసే దాటాను."

"నువ్వు ఆగినట్టయితే నీ పేరు కూడా చదివేవోళ్ళు. పసిపిల్లుంది నీ చంకలో."

"అవును. అయినా వెయ్యాల్సింది."

"ఎయ్యాల్సిందే," అన్నాడు. కోపం లేదు గొంతులో. "పప్పు బాగుండేది ఆ రోజుల్లో. నాగరత్నానికి కూసింత తీసకపోదామనుకునేవోణ్ణి."

తల వంచుకున్నాను.

తల ఎత్తేసరికి ఆయన గిన్నెలోకి వంగి చూస్తున్నాడు.

"కట్టింది," అన్నాడు.

"ఎంతసేపయింది?"

"నన్నడగతావేంటి, నువ్వు చూడలా?"

"లేదు. కళ్ళు మూసుకున్నాను."

గోడ గడియారం చూశాడు. మళ్ళీ జావ చూశాడు. "మూడు," అన్నాడు. ఈ వాడలో అందరికంటే తక్కువ. ఆ మాట పైకి అన్నాక ఆయనకే వణుకు వచ్చినట్టుంది. అన్నాళ్ళూ పళ్ళు బిగబట్టి ఆపుకున్న వణుకు.

పలక ఆయన ముందుకు జరిపాను. వేలు దాని మీద ఆగింది.

"నొక్కితే ఎవరొస్తారు?"

"ఎవరూ రారు బాబాయ్."

"ఎక్కడ చదువుతారు?"

"ఎక్కడా చదవరు. వేడి ఒక్కటే వస్తుంది."

నొక్కాడు. నొక్కి, చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. జావ మళ్ళీ కాచడానికి పొయ్యి లేదు కాబట్టి పొరతోనే సగం సగం తాగాం. తలుపు ఎవరూ తట్టలేదు. గంట గడిచాక గొట్టం పక్కన గోడ చెమ్మ పట్టి, తర్వాత ఆరింది. రెండింటికి కెజియా పలకలో ఒక్క మాట పంపింది. పారుతోంది.

నాలుగింటికి బాబాయి తన పెద్ద కోటు గుండీలు విప్పాడు. లేచి, గోడకున్న మేకుకు దాన్ని తగిలించాడు. పదమూడేళ్ళుగా చలికాలాల్లో ఆ ఇంటికి వెళ్తున్నాను. అక్కడో మేకు ఉందని నాకు ఇవాళే తెలిసింది.